వాపు మాటున ముప్పు

కనురెప్పల సర్జరీ ఇప్పుడు మన ఊళ్లలోనూ మామూలైపోయింది. జారిన రెప్ప చూపుకి అడ్డొస్తోందని కొందరు, కంటి కింది సంచులు పోవాలని కొందరు చేయించుకుంటున్నారు. పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. ‘వాపు ఉంటుంది, కంగారు పడకండి’ అని చెప్పి పంపిస్తారు. నిజమే. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టడం ప్రమాదకరం.

రెప్ప చర్మం చాలా పలుచన. ఇట్టే ఉబ్బుతుంది, కమిలిపోతుంది. రెండు మూడు రోజులు వాపు పెరిగి, ఆపైన తగ్గుతుంది. కమిలిన రంగు చెంపల మీదికి జారి, పసుపుపచ్చగా మారి, రెండు వారాల్లో చాలావరకు పోతుంది. దీనికి భయపడనక్కర్లేదు.

భయపడాల్సింది కనుగుడ్డు వెనక రక్తం చేరినప్పుడు. చుట్టూ ఎముకే కనుక ఒత్తిడి పెరిగి, కంటి నరానికి రక్తం అందదు. వేలల్లో ఒకరికి, ఎక్కువగా మొదటి 24 గంటల్లో ఇలా జరుగుతుంది. గంటన్నర, రెండు గంటలు దాటితే ఆ చూపు మళ్లీ రాకపోవచ్చు. ఒక కన్నే ఉన్నట్టుండి ఉబ్బడం, రెప్ప రాయిలా గట్టిపడటం, గుడ్డు ముందుకు పొడుచుకురావడం, మాత్రకు లొంగని నొప్పి, చూపు మసకబారడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. కంటి బయటి కొసన చిన్న కోత పెట్టి ఒత్తిడి తగ్గిస్తే చూపు దక్కే అవకాశం ఉంది. ఆ పని నిమిషాల్లో అయిపోతుంది.

అందుకే మొదటి రాత్రి ఇంట్లో ఒకరు మేలుకోవాలి. గంటకో రెండు గంటలకో రోగిని లేపి, ఒక్కో కన్ను మూయించి గోడమీది క్యాలెండర్ అంకెలు చదివించాలి. డాక్టర్ చెప్పకుండా కంటికి గట్టిగా కట్టు కట్టకూడదు. లోపల ఏం జరుగుతోందో కనబడదు.

కమిలిందనగానే కాపడం పెట్టే అలవాటు మనది. మొదటి రెండు రోజులు వేడి తగిలితే రక్తస్రావం, వాపు పెరుగుతాయి. చల్లదనమే కావాలి, అదీ శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాసేపు పెట్టి తీస్తూ. మత్తు వదలని రెప్పకు ఐసుముక్క నేరుగా ఆనిస్తే చర్మం దెబ్బతిన్నా తెలియదు. తలకింద రెండు దిండ్లు ఉండాలి. వంగి నీళ్ల బకెట్ ఎత్తడం, మలబద్ధకంతో ముక్కడం ప్రమాదం. బీపీ అదుపు తప్పకూడదు. గుండెకు రక్తం పలుచన చేసే ఎకోస్ప్రిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా మానేస్తే గుండెకే ముప్పు. ఆపాలో వద్దో కంటి డాక్టర్, గుండె డాక్టర్ మాట్లాడుకుని తేల్చాలి.

ప్రమాద లక్షణాలను తెలుగులో అచ్చువేసి రోగి చేతికివ్వడం ప్రతి ఆసుపత్రి బాధ్యత. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో, ఎక్కడికి రావాలో డబ్బు కట్టకముందే అడగండి. సరైన జవాబు రాకపోతే అక్కడ ఆపరేషన్ చేయించుకోవద్దు.