నాలుగో కారు ఎక్కడ పెడతావురా?

ఈ వారం కోడింగ్ కబుర్లు పక్కన పెట్టి, మా గేదెల పాక గురించి మాట్లాడుకుందాం. పైన హెడ్డింగ్‌లో ఉన్న ప్రశ్న మా మామ్మది. నిడదవోలులో మా ఇంటి పెరట్లో నిలబడి అడిగింది. అప్పుడు నా చేతిలో కొలిచే టేపు ఉంది కానీ సమాధానం లేదు.

స్పోర్ట్స్ కార్ల కలెక్షన్ అంటే మీకు ఫెరారీలు గుర్తొస్తాయేమో. మన దగ్గర అంత సీన్ లేదు. నావి మూడే. తాతయ్య ప్రీమియర్ పద్మిని, నాన్న మారుతి 800, నా మొదటి బోనస్‌తో కొన్న కాంటెస్సా. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌కి ఉన్నది ఒక్క పార్కింగ్ స్లాట్. అందులో మా ఓనర్ స్కూటర్ కూడా ఉంటుంది. అందుకే మూడూ ఊళ్ళోనే. నేనే శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కి వాటి దగ్గరికి వెళ్తుంటా.

పోయిన నెల ఓ పాత రైస్ మిల్లులో నాలుగోది కనపడింది. స్టాండర్డ్ హెరాల్డ్. ఒళ్ళంతా ఊక దుమ్ము, నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. 1961 నుంచి 1971 దాకా మద్రాసులో తయారైన బండి ఇది. డిజైన్ ఇటలీ వాళ్ళది, గీసిందేమో మికెలోటి. బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని కట్టింది కూడా ఈ హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే. మద్రాసు పక్కన షోళవరంలో, పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే రేసుల్లో ఒకప్పుడు ఫియట్లతో పాటు హెరాల్డ్‌లూ పరిగెత్తాయి. మనలాంటి మిడిల్ క్లాస్ వాళ్ళకి స్పోర్ట్స్ కారంటే ఇదే!

మిల్లు ఓనర్ గారు మాత్రం సూటిగా చెప్పేశారు. "సంక్రాంతి లోపు తీసుకెళ్ళండి బాబూ. లేదంటే పాత ఇనుముకి ఇచ్చేస్తానండి."

ఇక లెక్కలు మొదలుపెట్టా. మా పాక 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే 600 చదరపు అడుగులు. పద్మిని దాదాపు 13 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. కాంటెస్సా 15 అడుగులు. మారుతి 11. హెరాల్డ్ 13కి కాస్త తక్కువ. నాలుగూ కలిపి నేల మీద ఆక్రమించేది 270 చదరపు అడుగులు దాటదు. సగం కూడా కాదు. ఎక్సెల్ షీట్ చూసి తెగ సంబరపడిపోయా.

తర్వాత పాకలోకి వెళ్ళి చూశా.

కారుకి తలుపులు ఉంటాయి కదా, అవి తెరవాలి కదా! పక్కన కనీసం రెండున్నర అడుగులు వదలాలి. అలా వదిలితే 20 అడుగుల వెడల్పులో పక్కపక్కనే పట్టేది రెండే కార్లు. వాటి వెనక ఇంకో రెండు అనుకుంటే, లోపలి మూలలో మా మామ్మ గేదె ఉంది. ఒకప్పుడు పాక నిండా ఉండేవి, ఇప్పుడు ఇదొక్కటే మిగిలింది.

"గేదెని బాబాయి వాళ్ళ దొడ్లో కట్టేద్దాం మామ్మా" అన్నా.

"అది పూటకి మూడు లీటర్లు ఇస్తోంది. నీ కార్లు ఏమిస్తున్నాయిరా?"

ఇవ్వవు, తాగుతాయి. ఆ మాట పైకి అనలేదు.

మిల్లు గోడౌన్‌లోనే ఓ మూల అద్దెకి తీసుకుందామనుకున్నా. మా మెకానిక్ గురువుగారు నవ్వారు. "ధాన్యం ఉన్న చోట ఎలకలు, పందికొక్కులు ఉంటాయండి. వైరింగ్ మొత్తం కొరికేస్తాయి. కోతలప్పుడు బస్తాలొస్తే మిమ్మల్నే ఖాళీ చెయ్యమంటారు." మన డెల్టాలో కారుకి ఎండ కంటే చెమ్మే పెద్ద శత్రువనీ ఆయనే చెప్పారు. మట్టి నేల నుంచి చెమ్మ పైకొచ్చి కారు అడుగుభాగం తుప్పు పడుతుంది. అందుకని కింద పాలిథిన్ షీట్ పరిచి దాని మీద కాంక్రీటు వెయ్యాలి. పైన ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపల చెమ్మ బయటికి పోదు కాబట్టి నూలు గుడ్డే కప్పాలి. ముసురు రోజుల్లో కూడా గాలి ఆడాలి. అంటే ఇంకొంచెం చోటు!

ఇంత జరిగాక నాకు అర్థమైంది ఏంటంటే, గ్యారేజీని చదరపు అడుగుల్లో కొలవడమే నా తప్పు. డేటా స్ట్రక్చర్స్‌లో స్టాక్ చదువుకున్నాం కదా. చివర పెట్టిందే ముందు బయటికొస్తుంది. మా పాక అచ్చం అంతే. అన్నిటికంటే ముందు లోపల పెట్టిన కాంటెస్సా బయటికి రావాలంటే దాని ముందున్న మారుతిని తియ్యాలి. పోయిన సంవత్సరం మొత్తం మీద కాంటెస్సా ఎన్నిసార్లు కదిలిందో గుర్తు చేసుకున్నా. రెండుసార్లు. అందులో ఒకటి బ్యాటరీ మార్చడానికి.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. దాన్ని ఆర్డర్ చేసిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే చనిపోయారు. నిజాముల దగ్గర చోటుకి కొరతేముంది చెప్పండి? అయినా కారు ఉండటం వేరు, దానిలో తిరగడం వేరు.

కాంటెస్సా అమ్మేశా.

రాజమండ్రిలో ఓ రిటైర్డ్ మాస్టారు తీసుకున్నారు. ఆయనకి మంచి షెడ్డు ఉంది. అంతకంటే ముఖ్యంగా, ప్రతి ఆదివారం నడిపే ఓపిక ఉంది. నేను పెట్టిన డబ్బులు పూర్తిగా రాలేదు. అది మా వీధి మలుపు తిరుగుతుంటే నా మొదటి బోనస్ వెళ్ళిపోతున్నట్టే అనిపించింది, అబద్ధం చెప్పను. కానీ పాకలో అది చేస్తున్న పని తుప్పు పట్టడం ఒక్కటే.

ఇప్పుడు కొత్త లెక్క. హెరాల్డ్‌కి బోనెట్ మాత్రమే కాదు, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ముందుకి తెరుచుకుంటుంది. దాని ముందు మూడు అడుగులైనా ఖాళీ లేకపోతే ఇంజిన్ మీద చెయ్యి కూడా పెట్టలేం. లోపల హెరాల్డ్ 13, దాని ముందు మారుతి 11, మొత్తం 24. ఇంకా ఆరడుగులు మిగిలింది. పక్క వరసలో బయటివైపు పద్మిని, లోపల గేదె. ఎవరి చోటు వాళ్ళకి ఉంది.

హెరాల్డ్‌నే లోపల పెట్టడానికి ఇంకో కారణం ఉంది. 2021లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మార్చని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. నంబర్ ప్లేట్‌లో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కానీ ఆ బండిని రోజూ తిప్పకూడదు. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, పెట్రోల్‌కి, రిపేర్‌కి తియ్యొచ్చు. అంటే ఎప్పుడో కానీ బయటికి రాదు. అలాంటిది లోపల ఉండొచ్చు. వారం వారం తిరిగే పద్మిని మాత్రం గుమ్మం దగ్గరే ఉండాలి.

మీలో ఎవరైనా పాత బండి మీద మనసు పడితే, ముందు ఓ టేపు కొనండి. తలుపులు, బోనెట్ తెరిచి కొలవండి. దాన్ని బయటికి తియ్యడానికి ఎన్ని బండ్లు జరపాలో లెక్కెయ్యండి. రెండు కంటే ఎక్కువైతే ఆ కారు మీకు ఫోటోల్లోనే కనిపిస్తుంది.

హెరాల్డ్‌ని ట్రాక్టర్‌కి కట్టి తెచ్చాం. మామ్మ చుట్టూ తిరిగి చూసి, ముందు బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది.

"ఇదెప్పుడు నడుస్తుందిరా?"

"ఇంజిన్ విప్పాలి మామ్మా. టైం పడుతుంది."

"సర్లే. అప్పటిదాకా హారన్ మాత్రం కొట్టకు. గేదె బెదిరిపోద్ది."