మరణదండనము – మానవ గౌరవము

కాథలిక్ ధర్మబోధ శతాబ్దుల తరబడి మరణదండనమును నిషేధింపలేదు. వైద్యుడు చెడిన అవయవమును ఖండించి దేహమును కాపాడునట్లు, పాలకుడు దుష్టుని తొలగించి సంఘమును కాపాడవచ్చునని 13వ శతాబ్దమున థామస్ అక్వినాస్ వాదించెను. సంఘరక్షణకు వేఱు మార్గము లేనప్పుడే ఆ శిక్ష తగుననియు, కారాగార వ్యవస్థ మెఱుగుపడినందున అట్టి సందర్భములు మిక్కిలి అరుదనియు 1995లో పోపు రెండవ జాన్ పాల్ బోధించెను. 2018లో పోపు ఫ్రాన్సిస్ సత్యోపదేశ గ్రంథమును సవరింపజేసి, అది అంగీకారయోగ్యము కాదని తేల్చెను.

మాఱినది ధర్మమా, పరిస్థితియా యని కొందఱు కాథలిక్ పండితులే ప్రశ్నించిరి. తర్కమును పరిశీలింపుడు. కారాగారముల బలమే కారణమైనచో, అవి బలహీనములైన దేశమున ఉరికంబము మరల న్యాయమగును. సవరించిన పాఠము కారాగారములను పేర్కొనుచునే, అంతకంటె లోతైన కారణమును ముందుంచినది. ఘోరపాపి మానవ గౌరవమునుండి పతితుడగునని అక్వినాస్ తలచెను. ఎంతటి నేరము చేసినను ఆ గౌరవము నశింపదని నూతన పాఠము చెప్పుచున్నది. అసలు భేదము ఇచ్చటనే యున్నది.

ఖండించిన అవయవమునకు పశ్చాత్తాపము లేదు, మనుష్యునికి కలదు. నేరస్థుని నిర్బంధించి సంఘమును కాపాడవచ్చును. ప్రాణము తీసి, అతడు మాఱుటకు గల అవకాశమును హరింపరాదని ఈ బోధ సారము.