క్లచ్చిలోని గాలి

మన నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టప్రాంతముల రైతులకు గాలి చేయు అపకారము క్రొత్తది కాదు. బావి పంపు పీల్చుగొట్టములో గాలి చొచ్చినచో ఇంజను ఎంత తిరిగినను నీరు పైకి రాదు. గొట్టము నిండ నీరు పోసి గాలిని వెడలించిననే ధార పడును. హైడ్రాలిక్ క్లచ్చిగల కారునకు వచ్చు జబ్బు ఇట్టిదే. ఒత్తిడికి ద్రవము కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును. కావున పెడలు మెత్తబడి గేరు గరగరలాడును. (తీగతో లాగు క్లచ్చిగల బండ్లకు ఈ మాట వర్తింపదు.)

ఇంతమాత్రమునకు పత్తి ఏరు దినములలో బండిని దేవరకొండకో కల్వకుర్తికో లాగించుకొనిపోయి దినమంతయు పోగొట్టుకొనుట మాకు సమ్మతము కాదు. ఇద్దరు మనుష్యులు, ఒక స్పానరు, లోపల కనబడు సన్నని గొట్టము, ఒక సీసా చాలును. గొట్టపు ఒక కొనను క్రింది సిలిండరు నిప్పిలునకు తొడిగి, రెండవ కొనను సీసాలోని ద్రవమున ముంచవలెను. ఒకరు పెడలు త్రొక్కిపట్టగా రెండవవారు నిప్పిలు సడలించి, బుడగలు వెడలిన వెంటనే బిగింపవలెను. బిగించిన పిమ్మటనే పెడలు విడువవలెను. ఈ వరుస తప్పినచో గాలి మరల లోనికి పోవును. బుడగలు నిలుచువరకు ఇట్లే. పై డబ్బాలో ద్రవము అడుగంటనీయరాదు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు క్రిందికి ఎవరును దూరరాదు.

చేతనున్నదిగదా యని ఇంజను నూనె పోయువారు కలరు. అది రబ్బరు వాషర్లను ఉబ్బించి చెరచును. మూతపై వ్రాసియున్న డాట్ 3 గాని డాట్ 4 గాని క్రొత్త డబ్బానుండియే పోయవలెను. విప్పియుంచినది గాలిలోని తేమను పీల్చుకొనును.

పలు కార్లలో క్లచ్చికిని బ్రేకునకును డబ్బా ఒకటే. ద్రవము తరచు తగ్గుచున్నను, బ్రేకు పెడలు గూడ మెత్తబడినను, ఇంటివైద్యము మాని, బండిని కదల్పక మెకానిక్కును పిలిపింపవలెను. సంఘములు ఎరువుల గోదాములో ఈ గొట్టమును స్పానరును ఒక జత ఉంచినచో ఊరంతటికి చాలును.