లేడీ డాక్టరు గదిలో మొదటిసారి

భాషాంతరీకరణ నా వృత్తి. ఒక భాషలోని మాటను మరొక భాషలోకి చేరవేయడానికి ఇరవై ఏళ్ళుగా పాట్లు పడుతున్నాను. కాని తెలుగు మాటను మళ్ళీ తెలుగులోకే అనువదించవలసిన అవసరం మొన్నటి వేసవిలోనే మొదటిసారి ఎదురైంది.

మా అన్నయ్య కూతురికి పందొమ్మిదేళ్ళు. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కొన్ని నెలలుగా ఆమెకు బహిష్టు పది పన్నెండు రోజులు సాగుతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. సంగతి తెలిసి మా వదినా నేనూ ఆమెను స్త్రీల వైద్యనిపుణురాలి దగ్గరికి తీసుకువెళ్ళాము.

"ఏమిటమ్మా నీ బాధ?" అని డాక్టరుగారు అమ్మాయిని అడిగారు. జవాబు మా వదిన చెప్పింది.

"పెద్దగా ఏమీ లేదండీ. కాస్త నీరసం. అప్పుడప్పుడు కడుపులో నొప్పి."

"అంతేనా?"

"ఆ ఇబ్బంది కూడా కొంచెం ఉందండీ."

ఏ ఇబ్బందో ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారు కలం పక్కన పెట్టి, "అమ్మాయిని చెప్పనివ్వండి" అన్నారు. మా మేనకోడలు నా వంక చూసింది. ఆ చూపును నేను అనువదించబోయి, ఎందుకో ఆగిపోయాను. కొంతసేపటికి తానే చెప్పింది. మొత్తం చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

బయట చేరడం, దూరంగా ఉండడం, ఇంట్లోకి రాకపోవడం, ఒంట్లో బాగుండకపోవడం: ఈ ఒక్క విషయానికి మన ఇళ్ళల్లో ఎన్ని మాటలున్నాయో! చెప్పీ చెప్పకుండా ఉండడానికి పుట్టిన మాటలివి. వీటిలో ఒక్కటీ డాక్టరుకు ఉపయోగపడదు.

1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ అనే వైద్యురాలు, పరపురుషుడి కంట పడకూడని స్త్రీల కోసం ఒక ఆసుపత్రి నెలకొల్పారు. జనం దానిని గోషా ఆసుపత్రి అన్నారు. విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రిని పెద్దవాళ్ళు ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. గుమ్మాలకు కట్టిన ఆ పరదాలు ఏనాడో పోయాయి. మాటకు కట్టిన పరదా మాత్రం చాలా ఇళ్ళల్లో ఇంకా అలాగే ఉంది.

దాని ఖరీదు మా ఇంట్లో మాకు తెలుసు. మా పిన్నికి ముట్లుడిగిన నాలుగేళ్ళ తరువాత మళ్ళీ ఎర్రమరకలు కనిపించాయి. వేడి చేసిందనుకుని మెంతులు నానబెట్టిన మజ్జిగ తాగింది. ఎవరికీ చెప్పలేదు. చివరికి 2009లో ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు, "ఎన్నాళ్ళ నుంచి?" అని డాక్టరు అడిగితే, "నెల రోజులు" అంది. అప్పటికి పద్నాలుగు నెలలయిందని ఆ రాత్రి నాతో ఒప్పుకుంది. గర్భాశయపు కాన్సరు తొలిదశలో దొరికితే చాలావరకు నయమయ్యేదే. పిన్నిది తొలిదశ కాదు. మరుసటి సంక్రాంతికి ఆమె లేదు.

అందుకే, ఇంకా ఆ గుమ్మం తొక్కని అక్కచెల్లెళ్ళ కోసం, లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్లు చెబుతాను.

ఎప్పుడు వెళ్ళాలి?

మన దేశంలో చాలామంది స్త్రీలు మొట్టమొదట గర్భం ధరించినప్పుడే ఈ డాక్టరును చూస్తారు. అమెరికాలోని ప్రసూతి, స్త్రీ వైద్యనిపుణుల సంఘం 13 నుంచి 15 ఏళ్ళ మధ్యనే ఒకసారి వెళ్ళమంటుంది. అది పరీక్ష కోసం కాదు. పరిచయం కోసం, సందేహాలు తీర్చుకోవడం కోసం. బాధ ఏదైనా ఉంటే వయసుతో నిమిత్తం లేదు.

ఏమేమి అడుగుతారు?

మొదటి సందర్శనంలో ఎక్కువ భాగం సంభాషణే. చివరిసారి బహిష్టు ఏ తేదీన మొదలైంది? ఎన్ని రోజులకొకసారి వస్తుంది? ఎన్నాళ్ళుంటుంది? రోజుకు ఎన్ని పాడ్లు మారుస్తారు? గడ్డలు పడతాయా? నొప్పికి పనులు మానుకోవలసి వస్తుందా? తెల్లబట్ట అవుతుంటే దాని రంగు, వాసన మారాయా? కాన్పులు, గర్భస్రావాలు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు, పడని మందులు, ఇంట్లో ఎవరికైనా చక్కెరవ్యాధి, థైరాయిడ్, రొమ్ము కాన్సరు వంటివి ఉన్నాయా? ఇవన్నీ ముందురోజే ఒక కాగితం మీద వ్రాసుకుని వెళ్ళడం ఉత్తమం. డాక్టరు ముందు కూర్చోగానే తేదీలు మరచిపోవడం సహజం. పాత చీటీలు, పరీక్షల కాగితాలు వెంట తీసుకువెళ్ళాలి.

"పెళ్ళయిందా?" అని కూడా అడుగుతారు. ఈ ప్రశ్నలో మరొక ప్రశ్న దాగి ఉంటుందని అనువాదకురాలిగా చెప్పగలను. డాక్టరుకు కావలసింది మంగళసూత్రం సంగతి కాదు. శారీరక సంబంధం ఉన్నదీ లేనిదీ. గర్భం వచ్చి ఉండవచ్చునా, ఏ పరీక్ష చేయవచ్చు, ఏ మందు ఇవ్వవచ్చు అన్నవి దాని మీదనే ఆధారపడి ఉంటాయి. తల్లి ఎదుట చెప్పలేకపోతే, "కాసేపు మీతో ఒంటరిగా మాట్లాడాలి" అని అడగవచ్చు. రోగి రహస్యాన్ని కాపాడడం వైద్యుల ధర్మం. 18 ఏళ్ళు నిండనివారి విషయంలో మాత్రం, శారీరక సంబంధం ఉన్నట్లు తెలిస్తే పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యతను 2012 నాటి బాలల రక్షణ చట్టం డాక్టరు మీద ఉంచింది.

పరీక్ష ఎలా చేస్తారు?

చాలామందిని గుమ్మం దగ్గరే ఆపేసే భయం ఇది. మొదట బరువు, రక్తపోటు చూస్తారు. రక్తహీనత ఉన్నదేమోనని కంటిరెప్ప దించి చూస్తారు. బల్లమీద పడుకోబెట్టి పొట్ట మీద చేతితో నొక్కి చూస్తారు. శారీరక సంబంధం ఎరుగని అమ్మాయిలకు లోపలి పరీక్ష సాధారణంగా అవసరం రాదు. పొట్ట మీద నుంచి చేసే స్కానింగుతోనే గర్భాశయమూ అండాశయాలూ కనిపిస్తాయి. దానికి మూత్రాశయం నిండుగా ఉండాలి కనుక గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్ళు తాగి వెళ్ళాలి. ఆ గది గోడమీద, పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడం నేరమని ఒక బోర్డు ఉంటుంది. అది 1994 నాటి చట్టం. అక్కడ ఆ ప్రశ్న అడగనే కూడదు.

లోపలి పరీక్ష అవసరమైతే మోకాళ్ళు మడిచి పడుకోమంటారు. పైన దుప్పటి కప్పుతారు. బాతుముక్కు వంటి స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిమార్గాన్ని కొద్దిగా తెరచి గర్భాశయ ముఖద్వారాన్ని చూస్తారు. తరువాత తొడుగు వేసుకున్న వేళ్ళతో లోపల, రెండో చేతితో పొట్ట మీద తాకి గర్భాశయం ఎంత ఉన్నదీ అంచనా వేస్తారు. అంతా కొద్ది నిమిషాల పని. కొంత అసౌకర్యంగా ఉంటుంది గాని భరించలేని నొప్పి ఉండకూడదు. ఉంటే చెప్పాలి. ఒళ్ళు బిగబట్టకుండా మెల్లగా ఊపిరి వదిలితే ఇబ్బంది తగ్గుతుంది. "ఎందుకు చేస్తున్నారు?" అని అడిగే హక్కు, "ఆపండి" అనే హక్కు మీకు ఎల్లప్పుడూ ఉన్నాయి. పరీక్ష చేసేది పురుషుడైతే పక్కన నర్సు ఉండాలని అడగడంలో తప్పులేదు.

ముప్ఫై ఏళ్ళు దాటినవారు గర్భాశయ ముఖద్వార కాన్సరు పరీక్ష గురించి తామే అడగాలి. మన ప్రభుత్వం 2016లో ప్రకటించిన విధానం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష జరగాలి. దీనికి బహిష్టు లేని రోజుల్లో వెళ్ళడం మంచిది. వెళ్ళే ముందు రెండు రోజులు యోని లోపల మందులు పెట్టడం, నీటితో కడగడం మానుకోవాలి. అధిక రక్తస్రావమే బాధ అయినప్పుడు మాత్రం అది తగ్గేదాకా ఆగకూడదు.

ఆలస్యం చేయకూడనివి

పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాకపోవడం. గర్భం లేకుండా మూడు నెలలు బహిష్టు ఆగిపోవడం. ఏడు రోజులకు మించి రక్తం పోవడం, లేక గంటకొక పాడ్ చొప్పున కొన్ని గంటలపాటు తడిసిపోవడం. రెండు బహిష్టుల మధ్యగాని, కలయిక తరువాతగాని రక్తం కనిపించడం. హఠాత్తుగా పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి. వీటిలో ఏది కనిపించినా వెంటనే వెళ్ళాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బహిష్టులు ఆగిపోయి ఏడాది నిండిన తరువాత ఒక్క చుక్క కనిపించినా వెళ్ళాలి. చాలామందిలో దానికి సామాన్యమైన కారణమే ఉంటుంది. కాని ఆ మాట చెప్పవలసింది డాక్టరు. మజ్జిగ గ్లాసు కాదు.

లేచే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: నా జబ్బు ఏమిటి? ఈ మందు ఎన్నాళ్ళు? మళ్ళీ ఎప్పుడు రావాలి? అర్థం కాకపోతే, "తెలుగులో చెప్పండి" అనడానికి సంకోచించనక్కరలేదు.

మా మేనకోడలికి లోపలి పరీక్ష ఏదీ చేయలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.8 ఉంది, ఉండవలసింది 12. థైరాయిడ్ మందకొడిగా పనిచేస్తున్నట్లు తేలింది. మాత్రలు వ్రాసిచ్చి ఆరు వారాల తరువాత రమ్మన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు అమ్మాయి తన కాగితం తానే చూసి, తేదీలతో సహా అన్నీ చెప్పింది. మా వదిన పక్కన కూర్చుని ఒక్క మాటా అందుకోలేదు. పని ముగిసి మేము లేచాము. గుమ్మం దాకా వచ్చిన వదిన ఆగి, చీరకొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది.

"డాక్టరుగారూ, నాకు ముట్లాగిపోయి రెండేళ్ళయిందండీ. పోయిన నెలలో రెండుసార్లు రక్తం కనిపించింది" అంది.

అనువదించవలసినది అందులో ఏమీ లేదు. డాక్టరుగారు కుర్చీ చూపించి కలం అందుకున్నారు. మేనకోడలూ నేనూ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాము.