వంకర గీత అబద్ధమాడితే బాధ్యత ఎవరిది?

ప్రోగ్రామ్ నడుస్తోంది. టెర్మినల్‌లో జవాబు సరిగ్గానే వస్తోంది. ఎడిటర్‌లో మాత్రం "ఇంపోర్ట్ నంపై" దగ్గర వంకర గీత కదలనంటోంది, ఆ ప్యాకేజీ దొరకలేదంటోంది. పైథాన్ మొదలుపెట్టి నెల కూడా కాని కుర్రాడు ఏమనుకుంటాడు? తప్పు తనదే అనుకుంటాడు. ప్యాకేజీ తీసేసి మళ్లీ వేస్తాడు. పైథాన్‌నే తీసేసి మళ్లీ వేస్తాడు. చివరికి ఆ గీతల్ని పట్టించుకోవడమే మానేస్తాడు. నాకు ఒళ్లు మండేది సరిగ్గా ఇక్కడే. రేపు నిజమైన తప్పు కింద గీత పడ్డా అతను చూడడు. తప్పులు పట్టించడానికి పుట్టిన పనిముట్టు, తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేయడం నేర్పుతోంది.

ఇంతకీ జరిగిందేమిటి? అతను నంపైని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో వేశాడు. ఎడిటర్ వెనక ఉండి కోడ్‌ను పరిశీలించే లాంగ్వేజ్ సర్వర్ కంప్యూటర్‌లో ఉన్న మరో పైథాన్‌ను చూస్తోంది. దీన్ని సరిదిద్దడానికి విఎస్ కోడ్‌లో "పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్" అన్న కమాండ్ ఒక్కటి చాలు. కానీ గీత మీద మౌస్ పెడితే "ఇంపోర్ట్ దొరకలేదు" అని వస్తుందే తప్ప, "ఫలానా ఫోల్డర్‌లో ఉన్న పైథాన్‌లో వెతికాను, అందులో లేదు" అని రాదు. ఆ వివరం సర్వర్‌కు తెలుసు. లాగ్ తెరిస్తే ఏ దారుల్లో వెతికిందో కనబడుతుంది. తెలిసిన సంగతిని అవసరమైన చోట చెప్పకపోవడం నిర్లక్ష్యం, దానికి ఇంకో పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఈ జబ్బు వేళ్లు 2016లో ఉన్నాయి. ఆ ఏడాది జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించాయి. ఆలోచన గొప్పది. అంతకుముందు పది ఎడిటర్లలో ఇరవై భాషలకు సాయం కావాలంటే రెండొందల ప్లగిన్లు రాయాలి. భాషకు సంబంధించిన తెలివంతా ఒక విడి ప్రోగ్రామ్‌లో పెట్టి, ఎడిటర్‌తో జేసన్ సందేశాల్లో మాట్లాడిస్తే ముప్పైతో తీరిపోతుంది. కర్సర్ ఎక్కడుంది, ఏ ఫైల్ తెరిచారు, ఏ పేరు మార్చాలి అన్న ప్రతి సందేశానికీ రూపం నిర్ణయించారు. సెట్టింగ్స్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు. "కాన్ఫిగరేషన్ ఇవ్వు" అని సర్వర్ అడిగితే ఎడిటర్ ఏ రూపంలో జవాబివ్వాలో ప్రోటోకాల్ చెప్పదు. ఏ జేసన్ అయినా చెల్లుతుంది. ఎవరి పేర్లు వాళ్లవి, ఎవరి పద్ధతి వాళ్లది. అందుకే గో భాష సర్వర్ గోప్లీజ్‌కు ఇచ్చే అవే సెట్టింగ్స్‌ను విఎస్ కోడ్‌లో జేసన్‌గా, నియోవిమ్‌లో లువా టేబుల్‌గా, ఈమ్యాక్స్‌లో లిస్ప్‌గా మళ్లీ మళ్లీ రాస్తున్నాం. వదిలించుకున్నామనుకున్న గుణకారం దొడ్డిదారిన తిరిగొచ్చింది.

ప్రతి భాష అవసరాలూ వేరు, అందుకే వదిలేశాం అంటారు. ఒప్పుకుంటాను. పేర్లన్నీ ఒకటే చేయమని నేనూ అడగడం లేదు. ఆ సెట్టింగ్స్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉండాలి, ఏ ఎడిటర్ తెరిచినా సర్వరే చదువుకోవాలి అంటున్నాను. ఒక మనిషి లాప్‌టాప్‌లో, ఒక ఎడిటర్ సొంత సెట్టింగ్స్‌లో దాక్కున్న కాన్ఫిగరేషన్ ఆ ప్రాజెక్ట్‌ది కాదు.

ఇది జరగని పని కాదు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల సర్వర్ క్లాంగ్‌డీని చూడండి. ఏ ఫైల్‌ను ఏ ఫ్లాగ్స్‌తో కంపైల్ చేస్తున్నామో దానికి తెలియాలి. తెలియకపోతే ఊహిస్తుంది, హెడర్ ఫైల్ దొరకలేదన్న మొదటి తప్పుతో మొదలై ఫైలంతా ఎర్రబడుతుంది. తెలియజెప్పే అసలు దారి ఎడిటర్‌లో కాదు, ప్రాజెక్ట్‌లో ఉంది. సీమేక్‌లో "సీమేక్ ఎక్స్‌పోర్ట్ కంపైల్ కమాండ్స్" అన్న వేరియబుల్‌ను ఆన్ చేస్తే (మేక్‌ఫైల్, నింజా జనరేటర్లతో మాత్రమే పనిచేస్తుంది, గుర్తుంచుకోండి) కంపైల్ కమాండ్స్ జేసన్ ఫైల్ తయారవుతుంది. క్లాంగ్‌డీ ఆ ఫైల్‌ను సోర్స్ ఉన్న ఫోల్డర్ నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్తుంది, దారిలో "బిల్డ్" ఫోల్డర్లలోకి కూడా తొంగిచూస్తుంది. ఆ ఒక్క లైన్ రిపోలో ఉంటే విఎస్ కోడ్ వాడేవాళ్లకూ, నియోవిమ్ వాడేవాళ్లకూ ఒకే జవాబు వస్తుంది.

దీని పక్కన పైథాన్ సంగతి పెట్టి చూడండి. విఎస్ కోడ్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ వేస్తే పైలాన్స్ వస్తుంది. దాని లోపలి ఇంజిన్ పైరైట్. అదే పైరైట్‌ను కమాండ్ లైన్‌లో విడిగానూ నడపొచ్చు. ఎడిటర్‌లో టైప్ చెకింగ్ మామూలుగా "ఆఫ్"లో ఉంటుంది, కమాండ్ లైన్‌లో "స్టాండర్డ్"లో ఉంటుంది. ఇంజిన్ ఒకటే, కోడ్ ఒకటే, తీర్పులు రెండు. ఎడిటర్‌లో అంతా ప్రశాంతంగా కనబడిన కోడ్ పుష్ చేశాక రిపో మీద ఆటోమేటిక్‌గా నడిచే చెకింగ్‌లో కుప్పకూలుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి టీమ్ అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆమె చేసిన తప్పేమీ లేదు. ప్రాజెక్ట్‌లో ఒక పైరైట్ కాన్ఫిగ్ ఫైలో, పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్‌లో రెండు లైన్లో పెట్టి ఉంటే ఎడిటరూ కమాండ్ లైనూ ఒకే మాట చెప్పేవి. ఆ రెండు లైన్లు పెట్టని సీనియర్లు సంజాయిషీ చెప్పాలి.

జావాలోనూ ఇలాంటి తికమకే: సర్వర్‌ను నడిపే జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్), ప్రాజెక్ట్ కంపైలయ్యే జేడీకే వేరువేరు కావొచ్చు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెబితే ఎన్నో సాయంత్రాలు మిగులుతాయి.

ఇక మౌనం. సెట్టింగ్ పేరులో ఒక అక్షరం తప్పు రాయండి. గోప్లీజ్ అయితే ఈ సెట్టింగ్ నాకు తెలియదని హెచ్చరిస్తుంది. అది మర్యాద. చాలా సర్వర్లు ఆ తప్పు పేరును మింగేసి, ఏమీ జరగనట్టు పాత పద్ధతిలోనే నడుస్తాయి. మనం మార్చామనుకుంటాం, అది మారలేదు. అప్పుడు ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒక్కటే: విండో రీలోడ్ చెయ్యి. నేర్పే స్థానంలో ఉన్నవాళ్ల నోట ఈ మాట రావడం సిగ్గుచేటు. విఎస్ కోడ్‌లో అవుట్‌పుట్ ప్యానెల్ తెరిచి, పక్కనున్న జాబితాలో ఆ సర్వర్ పేరు ఎంచుకుని, ట్రేస్ సెట్టింగ్‌ను "వెర్బోస్"లో పెడితే ఎడిటర్ ఏం పంపిందో, సర్వర్ ఏం జవాబిచ్చిందో వరసగా కనబడుతుంది. లూప్‌లు నేర్పే ముందు దీన్ని నేర్పండి.

తెలుగు లాంటి లిపుల్లో రాసేవాళ్లకు ఎదురయ్యే దెబ్బ ఒకటుంది, దాని గురించి మనమే మాట్లాడాలి. ఈ ప్రోటోకాల్‌లో లైన్‌లోని స్థానాన్ని మామూలుగా యూటీఎఫ్-16 లెక్కలో కొలుస్తారు. "తెలుగు" అన్న మాట ఆ లెక్కలో 6, యూటీఎఫ్-8 బైట్లలో 18. ఆ స్ట్రింగ్ తర్వాత అదే లైన్‌లో ఒక వేరియబుల్ ఉందనుకోండి. బైట్లు లెక్కపెట్టే సర్వర్ అయితే దాని స్థానాన్ని 12 గళ్లు కుడికి చూపిస్తుంది. గీత తప్పుచోట పడితే చిరాకుతో పోతుంది. పేరు మార్చే కమాండ్ తప్పుచోట రాస్తే కోడ్ పాడవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఈ లెక్కలన్నీ ఒకటే కాబట్టి, ఇంగ్లిష్‌లో మాత్రమే రాసేవాళ్లకు ఈ బగ్ జన్మలో కనబడదు. 2022లో వచ్చిన 3.17 వెర్షన్‌లో ఎడిటరూ సర్వరూ మొదట్లోనే ఏ లెక్క వాడాలో ఒప్పందం చేసుకునే ఏర్పాటు వచ్చింది. మన స్ట్రింగ్స్ మీద పరీక్షించి, తప్పు కనబడితే ఆ ప్రాజెక్టుల్లో బగ్ రాయడం మన బాధ్యత.

తలుపులు మూసే వ్యవహారం వేరే ఉంది. ప్రోటోకాల్ అందరిదీ, పైరైట్ ఓపెన్ సోర్స్. పైలాన్స్ లైసెన్స్ మాత్రం మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల్లో తప్ప వాడొద్దంటుంది. 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ కర్సర్, విఎస్‌కోడియం లాంటి ఎడిటర్లలో పనిచేయడం ఆగిపోయింది. చట్టప్రకారం వాళ్లకు ఆ హక్కు ఉంది. కానీ సెట్టింగ్స్ అన్నీ ఆ ఎక్స్‌టెన్షన్ పేరుతోనే రాసుకున్న టీములు ఆ రోజు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. కాన్ఫిగరేషన్‌ను ప్రాజెక్ట్‌లో ఉంచుకోమని ఇంతగా అరవడానికి అదీ ఒక కారణం.

నా వరకు నేను నిర్ణయించుకున్నాను. కొత్త మనిషి రిపోను క్లోన్ చేసి, రీడ్‌మీలో ఉన్న కమాండ్లు నడిపి, తనకు నచ్చిన ఎడిటర్‌లో ఫోల్డర్ తెరిస్తే, నా స్క్రీన్ మీద ఉన్న గీతలే అతని స్క్రీన్ మీదా ఉండాలి. "నా మెషీన్‌లో సెట్టింగ్ ఉంది, కావాలంటే పంపిస్తా" అన్న పుల్ రిక్వెస్ట్ ఎవరిదైనా సరే, ఆ ఫైల్ రిపోలోకి వచ్చేదాకా నేను మెర్జ్ చేయను.