తల్లిచేపకు దారి

స్కాట్లండు దేశమున శరదృతువు ప్రవేశించునప్పటికి కొండవాలులందలి చెట్ల ఆకులు పండి రాలజొచ్చును. వానలకు నదులు నిండుగా పారును. సాల్మన్ అను చేపలు ఏడాది పొడుగునను కొలదిగా నదులలోనికి వచ్చుచున్నను, ఈ ఋతువున గుంపులుగా సముద్రమును విడిచి ఏటి కెదురీదుచు పైకి పోవును. సరస్సులలోని ట్రౌట్ చేపలును ఈ కాలముననే గ్రుడ్లు పెట్టుటకై సెలయేళ్లలోని కెక్కును. టే, ట్వీడు, డీ, స్పే నదులు సాల్మనులకు ప్రసిద్ధములు. వానిని గాలము వేసి పట్టుటకై దూరదేశములనుండి సైతము జనులు వత్తురు.

ఈ చేప జీవితము మిక్కిలి వింతయైనది. ఆడుచేప నది పైభాగమున, చల్లని తేటనీరు పారుచోట, తోకతో గులకరాళ్లను చిమ్మి పల్లము చేయును. అందు వేలకొలది గ్రుడ్లు పెట్టి మరల రాళ్లతో కప్పును. పిల్లలు కొన్ని యేండ్లు నదిలోనే పెరిగి, పిమ్మట సముద్రమునకు పోవును. కొన్ని గ్రీన్లండు సమీపమువరకును పోయి, అచ్చట బలిసి, పుట్టిన నదికే మరలి వచ్చును. పుట్టిన నీటి వాసనయే వానికి దారి చూపునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నదిలో ప్రవేశించిన పిదప సాల్మన్ ఆహారము ముట్టదు. ఒంటిలోని క్రొవ్వే దానికి దారిబత్తెము. ఇంత ప్రయాసయు సంతతి కొరకే.

అట్టి చేపను దారిలో పట్టుట తగునా?

1922 అక్టోబరు 7వ తేదీన జార్జినా బాలంటైన్ అను యువతి టే నదిలో 64 పౌనుల సాల్మనును గాలముతో పట్టెను. బ్రిటనులో గాలమునకు చిక్కిన సాల్మనులలో దానిని మించినది నేటికిని లేదు. ఆమె నేర్పు మెచ్చదగినదే. కాని నేటి స్థితి వేరు. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము బ్రిటనులోని సాల్మనులు అంతరించు ప్రమాదమున నున్నవని ప్రకటించెను. ఇందులకు గాలమొక్కటే కారణము కాదు. అడ్డుకట్టలు, నీటి మాలిన్యము, వేడెక్కుచున్న జలములు మొదలగునవి పెక్కు కారణములు కలవు. అయినను వానినన్నిటిని ఒక్కనాడు చక్కదిద్దజాలము. మన చేతిలోని గాలమును మాత్రము నేడే ఆపవచ్చును. ఆ దేశీయు లీ సంగతి గ్రహించిరి. టే నదిలో అక్టోబరు 15తో సాల్మన్ వేట ముగియును. స్కాట్లండు నదులలో గాలమునకు చిక్కిన సాల్మనులలో నూటికి తొంబదికి పైగా మరల నీటిలోనికే విడువబడుచున్నవి.

ఇట్టి చేప మనకును కలదు. సముద్రమున విలస యనబడు చేప, వర్షాకాలమున ఎర్రనీటి వరదకు ఎదురీది గోదావరిలోని కెక్కి పులస యగును. అదియు గ్రుడ్లు పెట్టుటకే వచ్చును. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట దాని దారికి అడ్డమైనది. ఆనకట్టకు దిగువను వలలు కాచుకొని యుండును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మనవారి సామెత. గ్రుడ్లతో నిండిన పులసకు గిరాకి మరియు మెండు. తల్లిని గర్భముతో పట్టి, మరుసటి యేడు పులస తగ్గినదని వాపోవుట మనకే చెల్లినది.

పులస పట్టవలదన్నచో జాలరి బిడ్డలు ఏమి తిందురని కొంద రడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. జాలరిని పస్తుంచి చేపను బ్రదికించుట ధర్మము కాదు. కాని చేపలేని యేట జాలరికి మాత్రము బ్రదుకెక్కడిది? మన సముద్రతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములకు ప్రభుత్వము మత్స్యకారులకు భృతి నొసగుచున్నది. పులస యేరెక్కు కాలము దాని తరువాత వచ్చును. ఆ వరద దినములలో కొన్నింటిని తల్లిచేపకు విడిచి, ఆ నష్టమును జాలరికి భృతిగా నొసగుట అసాధ్యము కాదని నా అభిప్రాయము.

ఇందు కొనువారి బాధ్యతయు తక్కువది కాదు. వలకంటె వెల బలమైనది. ఒక్క చేపకు వేలకొలది రూపాయలు పోయుటకు ధనికులు సిద్ధముగా నుండగా పేదవాడు వల నెట్లు మడచును? గ్రుడ్ల పులసను గొప్పకై కొనుట మానినచో, వల తనంత తానే విశ్రమించును.

బాలబాలికలారా! విత్తనపు గింజలను తిని సేద్యము చేసిన రైతు లేడు. ఏటిలోని విత్తనము తల్లిచేపయే. గాలము వేయుట నేర్చినవారు అనేకులు కలరు. తగిన వేళ దానిని పైకి తీయుట నేర్చినవారే రేపటివారికి నదిని నిండుగా అప్పగింపగలరు.