బాడుగింటి రాతలు

మొన్న కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతుంటే ఓ కుర్రాడు నోటు పుస్తకంతో ఎదురయ్యాడు. అవునండీ, 2003లో ‘ఒక్కడు’ చూసి మీరంతా గుర్తుపెట్టుకున్న ఆ బురుజే!

పుస్తకం తెరిస్తే అన్నీ వాళ్ళ తాత కబుర్లు. ఆయన టూరింగ్ టాకీసులో టిక్కెట్లు చించేవాడట. నేల టిక్కెట్ల దగ్గర తోపులాటలు, రీలు తెగితే ఈలలు, వానొస్తే ఆగిపోయిన ఆటలు... తాత చెబుతుంటే రాసుకున్నాడు. తాత పోయి ఏడాదైందట.

“న్నా, ఇవి నెట్లో పెట్టాల. యాడ పెడితే బాగుంటాది?” అన్నాడు.

నా గుండె కలుక్కుమంది. ఎందుకంటారా? ఒకప్పుడు నేనూ ఓ ఉచిత సైటులో సినిమా వ్యాసాలు రాసుకున్నాను. ఓ రోజు వాళ్ళు దుకాణం కట్టేశారు. నా దగ్గర నకలు ఒక్కటంటే ఒక్కటి లేదు! పేరెందుకు లెండి, పెద్ద పెద్దవే మూతపడ్డాయి: 2014లో ఆర్కుట్, 2019లో గూగుల్ ప్లస్.

కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బ్లాగర్ 1999లో పుట్టింది, 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది. పైసా ఖర్చు లేదు, కాసేపట్లో పేజీ సిద్ధం. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లోనూ ఉచితంగా మొదలుపెట్టొచ్చు. అదే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరు తెచ్చుకుని మన సొంత పేరుతో నడుపుకుంటే పెత్తనమంతా మనదే. కాకపోతే పేరుకీ చోటుకీ ఏటా డబ్బు కట్టాలి. ఫేస్‌బుక్‌లో లైకులు తొందరగానే వస్తాయి గానీ, రెండేళ్ళ కిందటి పోస్టు వెతకడమంటే తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే!

“నీకు ముందు బ్లాగర్ చాలు. ఆ రెండింట్లో ఎక్కడ రాసినా మొత్తం మూటగట్టి దింపుకునే వీలుంది. నెలకోసారి ఆ పని మాత్రం మరిచిపోవద్దు” అన్నాను.

మన కడప జిల్లా బి. నాగిరెడ్డిగారు 1947 జూలైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. చేతులు మారి, చివరికి అదీ ఆగిపోయింది. అయినా పాత సంచికలు ఈనాటికీ చదువుకుంటున్నామంటే ఎవరి చలవ? అటకల మీద ప్రతులు దాచుకున్న పాఠకులది కాదూ!

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. “అంటే న్నా, ఇల్లు బాడుగదైనా పెట్టె మనదై ఉండాలంటావు.”

ఇంత పొడుగు ఉపన్యాసం ఇచ్చిన నాకు తట్టని మాట! నేను జవాబు చెప్పేలోగా ఫోను తీసి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పుస్తకం మొదటి పేజీ ఫోటో తీసుకోవడం మొదలుపెట్టాడు.